రాజా దీనదయాళుగారి ఛాయాచిత్ర విద్యారంభము

ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ప్రభువువారి కాలమునాటి హైదరాబాదు ఎట్లుండెనో, చౌమహల్లా, ఫలక్‌నుమా మొదలగు సౌధముల వైభవ మెట్టిదో, ఆనాటి అమీరుల ముఖము లెట్టివో నేడు మనము కన్నులార చూడగలుగుచున్నాము. ఇందులకు ముఖ్యకారకులు రాజా దీనదయాళుగారు. వీరు మన ప్రాంతమున పుట్టినవారు కారు, మన కులమువారును కారు. అయినను ఈ యేటి సంచికకు వీరి చరిత్రము నేల యెంచుకొంటిమో ముందుగా విన్నవించుట యుచితము. ఇటీవల కొత్తగూడెమునందును, చుట్టుపట్టుల గ్రామములందును మన సంఘీయులగు యువకులు కొందఱు తాతలనాటి పెద్ద కెమెరాలను అటకలమీదనుండి దింపి, బూజు దులిపి, వానితో చిత్రములు తీయ నుత్సహించుచున్నారు. సంతోషమే. కాని తొలి రెండుమూడు ప్రయత్నములు చెడినంతనే ఆ యంత్రము మరల అటక కెక్కుచున్నది, లేదా పాతసామానులవాని తక్కెడ కెక్కుచున్నది. ముప్పది యేండ్లు వచ్చినదాక కెమెరా పట్టని యొక గుమాస్తా ఈ విద్య నెట్లు మొదలిడెనో, ఎట్లు సాధించెనో వారికి తెలిసిన మేలని మేము తలంచితిమి.

దీనదయాళుగారు 1844వ సంవత్సరమున మీరటు సమీపమునగల సర్ధనా పట్టణమున రత్నవ్యాపారులైన జైన కుటుంబమున జన్మించిరి. కులవృత్తిని గాక ఇంజినీరింగు విద్య నాశ్రయించి, రూర్కీ పట్టణమందలి థామసన్ కళాశాలలో చేరి 1866లో చదువు ముగించిరి. పిమ్మట ఇండోరు నగరమున పబ్లిక్ వర్క్సు శాఖలో కొలువు దొరకెను. (ఈ ఇండోరు మాళవ దేశమునందలి హోల్కరు రాజధాని, మన నిజామాబాదునకు పూర్వనామమగు ఇందూరు గాదు. మా శిష్యులలో పలువు రీ రెంటిని కలగాపులగము చేయుట యెఱుగుదుము.) కట్టడములకు అంచనాలు వేయుట, పటములు గీయుట వారి పని. రోజంతయు కొలబద్ద, మట్టపుపలక, గుండునూలు. ఇట్టి జీవితమున కళ కెక్కడి చోటని తోచును గదా. ఆ గుండునూలే వారి కళకు పునాది యగుట ముందు చూడగలము.

1874లో, తమ ముప్పదవ యేట, వారు ఛాయాగ్రహణ విద్యను చేపట్టిరి. ఉద్యోగము మానలేదు, తీరికవేళలలో అభ్యసించిరి. ఆనాడు ఈ విద్య నారంభించుట యన నేమో నేటి యువకులకు కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది.

నాడు ఫిల్ము లేదు. చిత్రము పట్టవలసిన గాజుపలకను ఎప్పటికప్పుడు తామే సిద్ధము చేసికొనవలెను. మొదట గాజును మచ్చ లేకుండ తుడిచి, ఈథరు, సారాయి కలిపిన ద్రవమున ప్రత్తితో చేసిన పేలుడు పదార్థమును కరగించిన కొలోడియను అను జిగురును దానిపై పోసి, పలకను నాలుగు మూలలకు వంచుచు సమముగా పఱచవలెను. తరువాత చీకటిగదిలో దానిని వెండి నైట్రేటు నీటిలో ముంచవలెను. అప్పుడా పలకకు వెలుగును గ్రహించు శక్తి వచ్చును. ఆ తడి యారకముందే కెమెరాలో నుంచి వెలుగు చూపి, వెంటనే చీకటిలోనికి తెచ్చి అన్నభేది నీటితో రూపమును పైకి తేవలెను. అటుపిమ్మట హైపోతోగాని విషప్రాయమగు సయనైడుతోగాని మిగిలిన వెండిని కడిగివేసి, ఆరబెట్టి, వార్నీషు పూయవలెను. పలక యారినచో నంతయు వ్యర్థమే. ఈథరు మన వేసవిలో చేతిమీదనే ఆవిరియై పోవు ద్రవము. ముప్పదియైదు డిగ్రీల వేడికే అది మరగును. మాళవమున వైశాఖ జ్యేష్ఠములలో ఆ పని యెట్టిదో పాఠకులే యూహింతురుగాక! ఊరు దాటి పోవలెనన్న గాజు, మందులు, నీరు, చీకటిగుడారము, కెమెరా, దాని మూడుకాళ్ల స్టాండు, అన్నియు బండ్లమీదను కూలీల తలలమీదను వెంట రావలెను.

ఇక కాగితముపై ముద్రణము. గ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితమునకు వెండి నైట్రేటు పట్టించి, గాజుపలకక్రింద నానించి, ఎండలో పెట్టుదురు. చిత్రము పలక యెంతో కాగితముమీదను అంతే వచ్చును. పెద్ద చిత్రము కావలెనన్న పెద్ద పలకయు, దానికి తగిన పెద్ద కెమెరాయు కావలెను. ఆనాటి కెమెరాలు పెద్దపెట్టెలంత యుండుటకు కారణ మిదియే. బంగారపు లవణముతో చిత్రమునకు వన్నె దిద్దుదురు. రత్నవర్తకుల యింట పుట్టి ఆ వ్యాపారమును విడిచిన దీనదయాళుగారు ఈ విధమున వెండి బంగారములకే మరల వచ్చిరి.

సంస్కృతమున ఛాయ యను మాటకు నీడ యనియు, కాంతి యనియు రెండర్థములును గలవు. సూర్యుని తేజము నోర్వలేక సంజ్ఞాదేవి తన ఛాయను ప్రతిగా నిలిపి పోయినదని పురాణములు చెప్పును. ఎండలో నానించిన కాగితముపై మనుష్యుని ఛాయ నిలుచుట చూచినప్పుడు ఛాయాచిత్రమను పేరు పెట్టినవా రెవరోగాని మాట నెఱిగి పెట్టిరని మాకు తోచును.

దీనదయాళుగారికి త్వరలోనే పేరు వచ్చుటకు రెండు కారణములు కనబడుచున్నవి. మొదటిది వారి కన్ను. కట్టడమును చూచుట వారికి వృత్తి. గోడ నిలువుగా నున్నదా, ద్వారబంధము చదరముగా నున్నదా యను నది వారికి ఆలోచింపకయే తెలియును. పెద్ద కెమెరాకు కావలసిన దిదియే. మన భద్రాచల రామాలయ గోపురమును తీయవలెనని యెంచుదము. చేతికెమెరా గలవాడు కెమెరాను పైకెత్తును. ఎత్తినంతనే గోపురము వెనుకకు వాలినట్లును, ప్రక్కలు రెండును దగ్గరకు ముడుచుకొన్నట్లును చిత్రమున పడును. పెద్ద కెమెరా గలవాడు అట్లు చేయనక్కరలేదు. వెనుక పలక నిలుచుచోటును గుండునూలు చొప్పున నిక్కముగా నిలిపి, ముందటి కటకపు పలకను మాత్రము పైకి జరుపును. అప్పుడు శిఖరము చిత్రములోనికి వచ్చును, గోడలు నిలువుగానే యుండును. ఇది యంత్రము తనంతట చేయునది కాదు. నిలువేదో యెఱిగినవాడు చేయించునది. దీనదయాళుగారు తీసిన కోటలు, దేవళములు చూడుడు. వంగిన గోడ దుర్లభము.

రెండవ కారణము పోషణము. సంఘపోషకులు మా మాటను అపార్థము చేసికొనరని నమ్మి చెప్పుచున్నాము: కళ యెంతటిదైనను పలక ఖరీదు పలక ఖరీదే. మధ్యభారత ఏజెంటుగా నుండిన సర్ హెన్రీ డేలీ, ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు వీరి నాదరించిరి. వైస్రాయి నార్తుబ్రూకు ప్రభువు చిత్రమును, 1875-76లో భారతదేశయాత్ర చేసిన వేల్సు యువరాజుగారి చిత్రములను తీయు నవకాశము కలిగెను. 1882లో సర్ లెపెల్ గ్రిఫిను వెంట బుందేల్ఖండాది ప్రాంతములు తిరిగి అచ్చటి ప్రాచీన నిర్మాణములను తీసిరి. ఆ చిత్రములు 1886లో మధ్యభారత ప్రసిద్ధ నిర్మాణములను గూర్చిన యొక పెద్ద గ్రంథముగా వెలువడెను. ఇన్నియు జరుగుచున్నను వారు సర్కారు ఉద్యోగమును వెంటనే విడువలేదు. పదియేండ్లకుపైగా రెండు పనులను మోసి, పిమ్మట సెలవు పుచ్చుకొని చూచి, ఆదాయము నిలుచునని రూఢియైన తరువాతనే విరమించిరి. ఇందులో సాహసము తక్కువ యని కొంద ఱనవచ్చును. సంసారి యైనవాని సాహస మిట్లే యుండవలెనని మా యభిప్రాయము.

1886లో సికిందరాబాదున స్టూడియో వెలసెను. మన తెలుగునాట వారి కథ ఇచ్చట మొదలగుచున్నది. ఆ సంవత్సరమే నిజాము రైలుమార్గము వరంగల్లు చేరెను, 1889లో బెజవాడ చేరెను. మన ఇల్లెందు బొగ్గుగనులు తెఱచుకొన్న కాలమును అదియే. అప్పటికి కొత్తగూడెమున బొగ్గు త్రవ్వకము లేదు. ఈ ప్రాంతమంతయు వరంగల్లు జిల్లాలోని యడవి. సరిగా నా దశాబ్దముననే ఛాయాచిత్ర విద్యయును మాఱెను. జెలటిను పూసిన పొడిపలకలు సీమనుండి పెట్టెలలో వచ్చుట మొదలయ్యెను. వానిని ముందుగా సిద్ధము చేసికొననక్కరలేదు, తీసినవెంటనే కడుగనక్కరలేదు. వెలుగు గ్రహించు వేగమును తడిపలకలకన్న మిక్కిలి హెచ్చు. తడిపలకతో కదలక నిలుచువారిని మాత్రమే తీయవచ్చును. పొడిపలకతో గుఱ్ఱపు సవారులు, సేనల కవాతులు, వేటలును సాధ్యమయ్యెను. దీనదయాళుగారు పాతపద్ధతి నెంత కష్టపడి నేర్చిరో కొత్తపద్ధతిని అంత త్వరగా స్వీకరించిరి. నేర్చినదానిపై మమకారముచే కొత్తదానిని నిందించు పండితులను మే మెందఱినో చూచితిమి. వీరికా జాడ్యము లేదు.

నిజాము ప్రభువు వీరిని ఆస్థాన ఛాయాచిత్రకారులుగా గ్రహించి, 1894లో రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదు నొసగెను. ముసవ్విరన రూపములు వ్రాయువాడని యర్థము. 1892లో హైదరాబాదున జనానా స్టూడియో నేర్పఱచిరి. ఘోషా స్త్రీలు నిస్సంకోచముగా వచ్చుటకై ఎత్తైన గోడలు కట్టించి, కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల స్త్రీని దానికి అధికారిణిగా నియమించిరి. 1893 చికాగో ప్రదర్శనమునకు వీరి చిత్రములు వెళ్లెను. 1896లో బొంబాయిలో మఱియొక స్టూడియో, 1897లో విక్టోరియా రాణిగారి అధికారపత్రము. బిరుదుల పట్టిక నింతటితో ముగింతుము.

వీరి పలకలలో దర్బారులు, విందులు, భవనములు హెచ్చు. డబ్బిచ్చినవారు కోరినది తీసిరి. ఇది దాచవలసిన సంగతి కాదు. 1902 ప్రాంతమున కర్జను ప్రభువు వరంగల్లు అడవులలో పులిని వేటాడి, భార్యతో గూడ దానివెనుక నిలిచిన చిత్రము జగత్ప్రసిద్ధము. మన యడవినుండి ప్రపంచమునకు పోయిన చిత్రములలో నది యొకటి. కాని మాకు వానికంటె విలువగా తోచునవి వేఱు. 1899-1900 నాటి ఘోరమైన కరవులో ఔరంగాబాదు ప్రాంతమున సర్కారు చేసిన సహాయపు పనులను వారు తీసిరి. అవియు సర్కారు తన మంచిపనిని చాటుకొనుటకు తీయించినవే. అయినను పెద్ద పలక యబద్ధమాడదు. అధికారి నెంత నడుమ నిలిపినను, అంచున నిలిచిన బీదవాని డొక్కయు, చేతిలోని చిప్పయు అంత సూక్ష్మముగానే పడును. సర్కారు చూపదలచినదానికన్న నెక్కువ చూపిన చిత్రములవి.

ఇప్పుడు మన యువకుల సంగతికి వత్తుము. అటకమీది కెమెరా తడిపలకలది కాదు. అది పొడిపలకలకో, రేకుఫిల్ముకో చేసినది. మా బాల్యమున, 1970 ప్రాంతమున, పాఠశాలలో సంవత్సరాంతపు సామూహిక చిత్రమునకు ఇట్టి కెమెరాయే వచ్చెడిది. ఛాయాచిత్రకారుడు దయతలచి మమ్ము ఒక్కొక్కరిని నల్లగుడ్డలోనికి పోనిచ్చెను. గరుకు గాజుమీద మా ప్రధానోపాధ్యాయులవారు తలక్రిందులుగా కుర్చీలో వ్రేలాడుచుండిరి! నాటి యానందము చెప్పనలవికాదు. తలక్రిందు చిత్రమును చూచి క్రొత్తవారు కలవరపడుదురు. అది మేలే. ముఖమును చూచుట మాని ఆకృతిని, వెలుగునీడలను చూచుట అలవడును.

మొదట తిత్తిని పరీక్షింపవలెను. కొలిమితిత్తివలె ముడుతలుపడిన ఆ తోలుగొట్టమును పూర్తిగా సాగదీసి, చీకటిగదిలో లోపల దీపముంచి చూచినచో చిల్లులు నక్షత్రములవలె కనబడును. నల్లని గుడ్డముక్కయు జిగురును చాలును. గోదావరి తీరపు తేమకు కటకములలో బూజు పట్టుట మన ప్రాంతపు శాపము. పైపైన నున్న మెత్తని గుడ్డతో పోవును, లోపలిదానిని తెలిసినవారికే విడువవలెను. తరువాత గరుకు గాజు నిలుచుచోటును, పలకపెట్టెలో ఫిల్ము నిలుచుచోటును కటకమునుండి ఒకే దూరమున నున్నవో లేదో చూడవలెను. వెంట్రుకవాసి భేదమున్నను కంటికి స్పష్టమైనది చిత్రమున మసకబారును.

మన దేశపు పాత స్టూడియో కెమెరాలు పెక్కింటికి నేటి నాలుగైదంగుళముల ఫిల్ము పట్టదు. అవి ఆరున్నరకు నాలుగుముప్పాతిక యంగుళముల పలకలవి. ఇందుకు దిగులుపడనక్కరలేదు. వైద్యులు వాడు ఎక్స్‌రే ఫిల్మునుగాని, ఛాయాచిత్రములు ముద్రించు కాగితమునేగాని ఎఱ్ఱదీపపు వెలుగులో ఆ కొలతకు కోసి, పలుచని రేకు ఒరలో దూర్చి, పలకపెట్టెలో నుంచవచ్చును. ఎక్స్‌రే ఫిల్మునకు రెండుప్రక్కల పూత యుండును గనుక గోరు తగిలినను గీత పడును. ఈ రెండును ఎఱుపును చూడవు. దీనదయాళుగారి తడిపలకయు చూడదు. అందుచేతనే పాతచిత్రములలో నుదుటి కుంకుమ నల్లగా పడుట. కాగితము వెలుగును మిక్కిలి మెల్లగా గ్రహించును. షట్టరు లేని పాతకటకమునకు అదియే యనుకూలము. మూత తీసి, అంకెలు లెక్కించి, మూత పెట్టిన చాలును. సాధారణపు ఫిల్మైనచో అఱక్షణము హెచ్చుతగ్గులకే చెడును.

దగ్గరి వస్తువును తీయునపుడు తిత్తి సాగుకొలది వెలుగు తగ్గును. వస్తువంతటి చిత్రము రావలెనన్న తిత్తి మామూలుకు రెట్టింపు సాగును, వెలుగు నాల్గురెట్లు చూపవలెను. క్రొత్తవారి పలకలు నల్లబడక తెల్లగా మిగిలిపోవుటకు తఱచుగా నిదియే కారణము. యంత్రమును తిట్టిన లాభము లేదు. కటకపు రంధ్రమును చిన్నది చేసిన ముందువెనుకలు స్పష్టమగును, కాలము హెచ్చును. పలకపెట్టె జారుడు తలుపు తీయకముందు కటకము మూసియున్నదా యని చూచుకొనవలెను. ప్రతి పలకకును ఎండ యెట్లున్నది, రంధ్రమెంత, ఎన్ని క్షణములు అని పుస్తకమున వ్రాసికొనవలెను. దీనదయాళుగారి చిత్రముల యంచులలో సంఖ్యలు కనబడును. పలక పలకకు లెక్క యున్నది. అంచనాలు వ్రాసిన చేయి గదా.

1904లో కుమారుడు ధరమ్‌చందుగారు గతించిరి. మఱుసటి యేడు, 1905 జూలై 5వ తేదీన, బొంబాయిలో దీనదయాళుగారు స్వర్గస్థులైరి. మఱియొక కుమారుడు జ్ఞానచందుగారు సికిందరాబాదు స్టూడియోను నడపిరి. 1911లో మహబూబ్ అలీఖాను ప్రభువు పోయినపిమ్మట పూర్వపు పోషణము లేదయ్యెను. ఆ పలకలు వంశీయుల యొద్ద నిలిచినవి నిలిచెను. 1989లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు 2,857 గాజుపలకలను కొని భద్రపఱచిరి. 2006లో తపాలాశాఖ వారి పేర బిళ్లను వెలువరించెను.

మన యిండ్లలోను, మూతపడిన స్టూడియోలలోను అట్టి పలకలింకను గలవు. పెండ్లిచిత్రములు, గనిపనివారి గుంపుచిత్రములు, పేరు తెలియని పెద్దల ముఖములు వానిపై నున్నవి. వానిని ఒకదానిపై నొకటి పరుండబెట్టిన క్రిందివి బరువునకు పగులును. ఒక్కొక్కదానిని శుభ్రమైన కాగితమున చుట్టి, పుస్తకములవలె నిలువుగా పెట్టెలో నమర్చి, తేమ తగులనిచోట నుంచవలెను. పూతగల ప్రక్కను నీటితో తుడువరాదు. తడిసిన జెలటిను గాజునుండి లేచిపోవును. పలకమీదివా రెవరో చెప్పగల వృద్ధులుండగానే వారి పేర్లను కాగితపు చుట్టపైన, పలకను లోపల పెట్టకముందే, సీసపుకలముతో వ్రాయవలెను.